కాయకల్పమా, కూల్చివేతా: బ్రూక్లిన్ మూడంతస్తుల రహదారిపై ఒక సంవాదం

న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్, క్వీన్స్ ప్రాంతాలను కలిపే ఎక్స్‌ప్రెస్‌వేలో అట్లాంటిక్ అవెన్యూ నుంచి శాండ్స్ స్ట్రీట్ దాకా ఉన్న సుమారు 2.4 కిలోమీటర్ల భాగం అమెరికా నగర రహదారులన్నిటిలోకీ విచిత్రమైన కట్టడాల్లో ఒకటి. బ్రూక్లిన్ హైట్స్ అనే పాత నివాస ప్రాంతం ఈస్ట్ రివర్ ఒడ్డున ఎత్తైన గట్టు మీద ఉన్నందువల్ల, ఆ గట్టు అంచున భారీ గోడ కట్టి, దానిలోంచి రెండు రోడ్డు అంతస్తులను ఒకదానిపై ఒకటిగా నదివైపు చాచి, అన్నిటికన్నా పైన పాదచారుల విహారస్థలాన్ని అమర్చారు. ఒక చివర మాత్రమే బిగించి ఉండి, రెండో చివర కింద స్తంభమేదీ లేకుండా బయటికి చాచుకొని ఉండే దూలాన్ని కాంటిలివర్ అంటారు. తెలుగువారి ఇళ్లలో కిటికీ పైన ఉండే సజ్జా నిలబడేది ఈ సూత్రం మీదే, కాకపోతే సజ్జా మీద రోజూ లక్షకు పైగా వాహనాలు పరుగెత్తవు. విహారస్థలం 1950లో ప్రజలకు అందుబాటులోకి వచ్చింది, 1954 నాటికి కింది రోడ్లపై వాహనాలు తిరిగాయి. డెబ్బై ఏళ్లు దాటిన ఈ కట్టడాన్ని, దానిని అంటుకొని ఉన్న వాటితో కలిపి మొత్తం 21 వంతెన నిర్మాణాలను, ఏం చేయాలన్న ప్రశ్నకు నగరం ఇంతవరకూ తుది సమాధానం చెప్పలేదు.

ఈ వివాదంలో వినిపించే రెండు దృక్పథాలను శాస్త్రగ్రంథాల్లోని వాద ప్రతివాదాల పద్ధతిలో ఎదురెదురుగా నిలపడం ఈ వ్యాసం ఉద్దేశం. వీరిలో ఒకరు వంతెనల రూపకల్పనలో జీవితం గడిపిన విశ్రాంత ఇంజనీరు. రహదారిని ఆరు లేన్లతో సమూలంగా తిరిగి కట్టాలన్నది ఆయన పక్షం. మరొకరు నగర ప్రణాళిక బోధించే ఆచార్యురాలు. ఉన్నదానిని మరమ్మతులతో నిలుపుతూ, బరువు తగ్గిస్తూ, చివరికి నాలుగు లేన్లకు మించని రోడ్డుతో సరిపెట్టాలన్నది ఆమె పక్షం. ఇద్దరూ ఏ ఒక్క వ్యక్తికీ ప్రతిబింబాలు కారు, వాదాలకు ఒక్కొక్క గొంతు మాత్రమే.

ఇంజనీరు: ముందు రోగమేమిటో తేల్చుకుంటే గాని చికిత్స గురించి మాట్లాడలేమమ్మా. కాంక్రీటు సహజంగా క్షారగుణం కలది కాబట్టి దానిలోని ఇనుప చువ్వల చుట్టూ ఒక పలుచని రక్షక పొర ఏర్పడుతుంది, ఆ పొర ఉన్నంతకాలం తుప్పు పట్టదు. న్యూయార్కులో చలికాలం రోడ్డు మీద మంచు కరిగించడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు అంతస్తుల మధ్య అతుకుల్లోంచీ, పగుళ్లలోంచీ లోపలికి ఇంకి, అందులోని క్లోరైడు ఆ పొరను ఛేదిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుముకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక లోపలినుంచి కాంక్రీటును పగలగొట్టి పెచ్చులు ఊడేలా చేస్తుంది, పెచ్చు ఊడిన చోటినుంచి మరింత నీరు లోపలికి పోతుంది. పైపైన సిమెంటు పూసినంత మాత్రాన లోపల ఇంకిన ఉప్పు బయటికి రాదు. పూసిన అతుకు పక్కనే కొత్త తుప్పు మొదలవడం వంతెనల మరమ్మతులో అందరికీ అనుభవమైన సంగతే. ఇక మరమ్మతు అంటే ఏమిటి, వాయిదాకు మరో పేరు కాక?

ఆచార్యురాలు: తుప్పు సంగతిలో పేచీ లేదు, ఇంజనీరుగారూ. అయితే రోగికి మందు ఇస్తూ నెత్తిన బస్తాల మీద బస్తాలు మోయించడం ఏ వైద్యం? అమెరికాలో ప్రత్యేక అనుమతి లేని లారీ బరువు సుమారు 36 టన్నులు దాటకూడదన్నది సమాఖ్య నిబంధన. ఈ రోడ్డు మీద అంతకు రెట్టింపు బరువుతో పోయే లారీలు కూడా ఉన్నాయని కొలతల్లో తేలింది. 1950ల చివర ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒట్టావా దగ్గర ప్రత్యేకంగా రోడ్లు వేసి, వాటిపై లారీలను తిప్పి జరిపిన సుప్రసిద్ధ పరీక్షలో, ఇరుసు మీద పడే బరువు పెరిగేకొద్దీ రోడ్డుకు జరిగే నష్టం దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుందని, అంటే బరువు రెండింతలైతే నష్టం పదహారింతలవుతుందని తేలింది. అందువల్ల పునర్నిర్మాణానికి ముందు తేల్చవలసిన ప్రశ్న ఈ కట్టడం చేత ఎంత మోయించాలన్నదే.

ఇంజనీరు: ఆ పరీక్ష రోడ్డు ఉపరితలం గురించి చేసింది, వంతెన దూలాల గురించి కాదు. పదేపదే బరువు పడి తొలగడం వల్ల ఉక్కులో పగుళ్లు పుట్టడాన్ని ఫెటీగ్ అంటారు. దానిలో నష్టం సుమారుగా మూడో ఘాతంలో పెరుగుతుందని లెక్క కడతారు. అదీ చిన్న సంఖ్య కాదు, నిజమే. కాని ఉప్పు చేసే పని బరువుతో నిమిత్తం లేకుండా సాగుతుంది. రేపటినుంచి ఒక్క లారీ కూడా రాకపోయినా లోపలి క్లోరైడు తన పని మానుకోదు. బరువు తగ్గిస్తే ప్రమాదం తగ్గుతుంది, ఆయుష్షు కొంత పెరుగుతుంది, కాని రోగం నయం కాదు. ఈ రెండింటినీ కలగలిపి మాట్లాడటం ప్రణాళికావేత్తల అలవాటు.

ఈ సవరణ సరైనదే. నాలుగో ఘాత సూత్రాన్ని ఎక్కడపడితే అక్కడ వాడటం పత్రికా రచనల్లో పరిపాటి అయిపోయింది. ఆచార్యురాలి వాదానికి దాని అవసరం అంతగా లేదు కూడా, ఎందుకంటే ఆమె చేతిలో అంతకన్నా గట్టి ఆధారం ఉంది. మేయర్ బిల్ డి బ్లాసియో 2019లో నియమించిన నిపుణుల సంఘం 2020 జనవరిలో నివేదిక ఇస్తూ, పరిస్థితి అనుకున్నదానికన్నా వేగంగా దిగజారుతున్నదని, కొన్ని భాగాలు కొద్ది ఏళ్లలోనే వాహనాలకు సురక్షితం కాకుండా పోవచ్చని హెచ్చరించి, లేన్లను వెంటనే తగ్గించమనీ ఓవర్‌లోడు లారీలను కట్టడి చేయమనీ సూచించింది. 2021 ఆగస్టు 30న నగర రవాణా శాఖ రెండు దిశల్లోనూ మూడు లేన్లను రెండుకు కుదించింది. ఆ తర్వాత రాష్ట్ర చట్టం అనుమతితో, లారీ ఆగకుండానే రోడ్డులో అమర్చిన పరికరాలతో బరువు తూచే ఏర్పాటు వచ్చింది. పరిమితి మించిన వాహన యజమానికి 650 డాలర్ల జరిమానా 2023 నవంబరునుంచి క్వీన్స్ దిశలో అమలైంది, కొద్ది నెలల్లోనే ఆ దిశలో ఓవర్‌లోడు లారీలు సగానికి పైగా తగ్గాయని నగరం ప్రకటించింది. కాంక్రీటు మీద వందల కోట్లు పోయకుండా, రంగు గీతలతోనూ తూనికతోనూ సాధించిన ఫలితమిది.

ఆచార్యురాలు: ఆ గీతలు వేసిన రోజున నగరం స్తంభించిపోతుందని ఎన్ని జోస్యాలు వినిపించాయి! ఒకప్పుడు రోజుకు లక్షన్నర దాటిన వాహనాల సంఖ్య సుమారు లక్షా ముప్పై వేలకు దిగింది, నగరం నడుస్తూనే ఉంది. ఆరు లేన్లు అవసరమని రుజువు చేయవలసిన భారం ఇప్పుడు ఆరు లేన్లు కావాలనేవారిదే. పైగా ఉన్న ఆరు లేన్లను ఉన్నట్టే తిరిగి కడతామన్న మాటలోనే ఒక చిక్కు ఉంది: నేటి అంతర్రాష్ట్ర రహదారి ప్రమాణాల ప్రకారం లేను వెడల్పు 12 అడుగులు, దాని కుడిపక్కన ఆగిపోయిన బండి నిలవడానికి 10 అడుగుల ఖాళీ ఉండాలి. పాత రోడ్డులో లేన్లు ఇరుకు, పక్క ఖాళీ లేనేలేదు. అంటే ఆరు లేన్ల పునర్నిర్మాణం పేరుతో వచ్చేది అంతకన్నా ఎంతో వెడల్పైన రోడ్డు. ఆ అదనపు వెడల్పు ఎవరి ఇంటి ముందుకు వస్తుందో చెప్పాలి కదా?

ఇంజనీరు: ప్రమాణాలనుంచి మినహాయింపులు కోరే పద్ధతి ఉంది, ఇరుకైన చోట్ల అవి ఇస్తూనే ఉంటారు. అసలు చిక్కు లారీలది. బ్రూక్లిన్ గుండా సాగే అంతర్రాష్ట్ర రహదారి ఇదొక్కటే. సముద్రపు ఒడ్డు వెంట పోయే బెల్ట్ పార్క్‌వే మీద సరుకు వాహనాలకు ప్రవేశం లేదు, ఎందుకంటే పార్క్‌వేలను మొదటినుంచీ కార్లకోసమే కట్టారు. నగరానికి వచ్చే సరుకులో దాదాపు 90 శాతం లారీల మీదే వస్తుందని లెక్క. ఆ తగ్గిన ఇరవై వేల వాహనాలు ఆవిరైపోయాయా, లేక పక్కవీధుల్లో బడిపిల్లల మధ్యనుంచి పోతున్నాయా? రోడ్డు తగ్గిస్తే రద్దీ తగ్గిందని చెప్పేవారు రోడ్డు మీద మాత్రమే లెక్కపెడతారు, వీధుల్లో లెక్కపెట్టరు.

ఆచార్యురాలు: కొన్ని వీధుల్లో రద్దీ పెరిగిందన్నది కాదనలేని మాట. కాని లారీ ఎటు పోతుందన్నది రోడ్డు వెడల్పు ఒక్కటే నిర్ణయించదు, టోలు కూడా నిర్ణయిస్తుంది. స్టేటన్ ఐలండ్‌ను బ్రూక్లిన్‌తో కలిపే వెరజానో వంతెన మీద 1986నుంచి 2020 చివరిదాకా టోలు ఒక్క దిశలోనే, స్టేటన్ ఐలండ్ వైపు పోయేవారి దగ్గరే వసూలు చేశారు. అందువల్ల న్యూజెర్సీనుంచి వచ్చే లారీ ఆ వంతెన మీద టోలు కట్టకుండా బ్రూక్లిన్‌లోకి ప్రవేశించి, ఈ రోడ్డెక్కి, టోలు లేని మన్‌హాటన్ వంతెనలగుండా తిరిగిపోవడం లాభమయ్యింది. మూడు దశాబ్దాలకు పైగా ఒక వసూలు నిబంధన ఈ సజ్జాల మీదికి బరువును పంపిస్తూ వచ్చింది. నిబంధన పంపిన బరువును నిబంధనతోనే వెనక్కి పంపవచ్చు. ఇదే నగరంలో మన్‌హాటన్ పడమటి తీరంలోని వెస్ట్‌సైడ్ హైవే చరిత్రను గుర్తు చేసుకోండి. 1973 డిసెంబరులో అది కూలిపోయి మూతపడింది. అక్కడి వాహనాల్లో ఎంతో భాగం వేరే వీధుల్లో మళ్లీ కనిపించలేదు. దాని స్థానంలో నేడున్నది సిగ్నళ్లతో కూడిన నేలమీది బాట.

ఇంజనీరు: ఆ కథను సగంలో ఆపుతున్నారు. 1973లో అది ఎందుకు కూలింది? దశాబ్దాలపాటు మరమ్మతు చూసుకోలేదు కాబట్టి. చివరికి ఆ రోడ్డు మరమ్మతుకోసమే తారు మోసుకొస్తున్న లారీ బరువుకు అది కూలిపోయింది, ఇంతకన్నా వెక్కిరింత మరొకటి ఉంటుందా? ఆ తర్వాత దాని స్థానంలో భూగర్భ రహదారి కడతామన్న వెస్ట్‌వే పథకం వాదోపవాదాల్లో నలిగి 1985లో ఆగిపోయింది, నేటి బాట పూర్తయ్యేసరికి 2001 వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లు! మీరు చూపే ఆదర్శం చర్చలవల్ల పుట్టింది కాదు, కూలడంవల్ల పుట్టింది.

ఇక్కడ ఇంజనీరు పైచేయి సాధించినట్టే లెక్క. కూల్చిన రహదారుల గురించి ప్రపంచమంతటా చెప్పుకొనే విజయగాథల్లో చాలావాటి వెనుక ఒక విపత్తు ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎంబార్కడేరో ఫ్రీవే 1991లో కూల్చివేతకు గురైంది కూడా 1989 భూకంపం దానిని దెబ్బతీసిన తర్వాతే. ముందుచూపుతో, నిండుగా నడుస్తున్న రోడ్డును ప్రణాళికాబద్ధంగా కుదించిన నగరాలు తక్కువ. సియోల్ నగరం 2003–05 మధ్య చోంగ్‌గేచోన్ వాగు మీది ఎత్తురోడ్డును తొలగించడం అటువంటి అరుదైన ఉదాహరణ, కాని దానికి ఒక మేయరు రాజకీయ పట్టుదల తోడైంది; న్యూయార్కులో అటువంటి పట్టుదలకు తగిన అధికార ఏకత్వమే లేదు.

ఇంజనీరు: అందుకే 2018 ప్రతిపాదనను తలచుకుంటే బాధ కలుగుతుంది. ఆ ఏడాది నగరానికి డిజైన్–బిల్డ్ పద్ధతి, అంటే రూపకల్పననూ నిర్మాణాన్నీ ఒకే సంస్థకు అప్పగించి కాలం కలిసివచ్చేలా చేసే పద్ధతి, వాడుకొనే అనుమతి రాష్ట్రంనుంచి వచ్చింది. రెండు మార్గాలు ముందుకొచ్చాయి. ఒకటి లేను తర్వాత లేను మూస్తూ ఎనిమిదేళ్లకు పైగా పనిచేయడం. రెండోది విహారస్థలం ఎత్తున ఆరు లేన్ల తాత్కాలిక రోడ్డు వేసి, వాహనాలను దానిమీదికి మళ్లించి, కింద ఖాళీ అయిన కట్టడాన్ని ఆరేళ్లలో తిరిగి కట్టడం. ఏదైనా ఖర్చు 300 నుంచి 400 కోట్ల డాలర్ల మధ్యే. వాహనాలు నడుస్తూండగా వాటి మధ్య దూలాలు మార్చడంలో ఉన్న ప్రమాదం తెలియాలంటే మినియాపొలిస్ వంతెనను చూడాలి: 2007 ఆగస్టు 1న 13 మంది ప్రాణాలు తీసిన ఆ కూలిపోవడానికి దూలాలు కలిసే చోట బిగించిన ఉక్కు పలకలు అవసరమైన మందంలో సగమే ఉండటం మూలకారణం, మరమ్మతుకోసం వంతెన మీద పోసిన సామగ్రి బరువు దానికి తోడైన కారణం. రెండో మార్గం సురక్షితం, శీఘ్రం. హైట్స్ నివాసులు తమ విహారస్థలం ఆరేళ్లు పోతుందని గగ్గోలు పెట్టారు, పథకం మూలన పడింది. ఆ రోజు మొదలుపెట్టి ఉంటే నేడు పూర్తయ్యేది.

ఆచార్యురాలు: వారి కిటికీల ఎత్తున, గజాల దూరంలో, ఆరు లేన్ల పొగను ఆరేళ్లు నిలబెట్టే ఆలోచనకు గగ్గోలు పెట్టక ఏం చేస్తారు? అయితే ఇక్కడ ఒప్పుకోవలసిన మరో నిజం ఉంది, అది హైట్స్‌వారికీ రుచించదు. 1940లలో నగర రహదారుల నిర్మాణాన్ని శాసించిన అధికారి రాబర్ట్ మోసెస్ ఈ రోడ్డును హిక్స్ స్ట్రీట్ మీదుగా హైట్స్ నడిబొడ్డునుంచి తీసుకుపోవాలనుకున్నాడు. పలుకుబడి గల ఆ ప్రాంతంవారు అడ్డుపడటంతోనే రోడ్డు గట్టు అంచుకు జరిగి మూడంతస్తులయ్యింది, పైన విహారస్థలం బహుమానంగా దక్కింది. అంత పలుకుబడి లేని దక్షిణాన కాబుల్ హిల్ అంచునా, ఉత్తరాన విలియమ్స్‌బర్గ్‌లోనూ నేలను చీల్చి కందకంలో రోడ్డు వేశారు. ఇంకా దక్షిణాన సన్‌సెట్ పార్కులో థర్డ్ అవెన్యూ నెత్తిన స్తంభాల మీద నిలబెట్టారు. ఆ పొగ, ఆ మోత డెబ్బై ఎనభై ఏళ్లుగా అక్కడివారు భరిస్తూనే ఉన్నారు. వందల కోట్లు ఈ 2.4 కిలోమీటర్ల మీదే పోసి, మిగతా దారి పొడవునా ఏమీ చేయకపోతే, 1940లనాటి అన్యాయానికే కొత్త కాంక్రీటు వేసినట్టు.

ఇంజనీరు: ఆ 2.4 కిలోమీటర్లే నగరానివి, దానికి రెండువైపులా ఉన్న రోడ్డు రాష్ట్రానిది. నగరం తన చేతిలో లేనిదానిని ఎలా తిరిగి కడుతుంది?

ఆచార్యురాలు: అదే అసలు ప్రశ్న. లేన్ల సంఖ్యను నగరం ఒక్కటే తేల్చడం వీలుకాదు, ఇరుపక్కలా రాష్ట్రం ఆరు లేన్లు ఉంచుకుంటే మధ్యలో నాలుగు లేన్లు శాశ్వతమైన ఇరుకుగా మిగులుతాయి. లారీలు, టోళ్లు, రేవునుంచి వచ్చే రైలు సరుకు, అన్నీ ఒకే లెక్కలో చూడాలంటే రెండు ప్రభుత్వాలూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి.

ఇంజనీరు: కూర్చొనే లోగా దూలం కూర్చోకుండా ఉండాలి కదమ్మా!

ఇంజనీరు చమత్కారం వెనుక ఉన్న భయం ఊహాజనితం కాదు. 2023 అక్టోబరులో గ్రేస్ కోర్టు, క్లార్క్ స్ట్రీట్‌ల దగ్గర బలహీనపడిన భాగాలకు అత్యవసర మరమ్మతులకోసం వారాంతంలో రోడ్డును మూయవలసి వచ్చింది. మరమ్మతులు ఆయుష్షును పెంచుతాయన్న ఆచార్యురాలి మాట నిజమే, కాని పెరిగిన ఆయుష్షు నిర్ణయాన్ని వాయిదా వేయడానికి సాకు అవుతుందన్న ఇంజనీరు మాట అంతకన్నా నిజం. ఈ విషయంలో తెలుగు పాఠకులు గమనించదగ్గది ఒకటుంది. హైదరాబాదులో 2009లో ప్రారంభమైన 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వంటి ఎత్తురోడ్లకు మంచుగానీ ఉప్పుగానీ శత్రువులు కావు. అయితే అతుకుల్లోంచి కారే వాననీరూ, పరిమితి మించిన లారీలూ అక్కడా ఉన్నవే, వాటి వయసు ఇంకా తక్కువ కాబట్టి ఆ లెక్కలు ఎవరూ అడగడం లేదు. బ్రూక్లిన్ రోడ్డుకు అరవై దాటిన తర్వాత గాని ఆ లెక్కలు మొదలుకాలేదు.

రెండు పక్షాలనూ తూచి చూస్తే, ఆరు లేన్ల పునర్నిర్మాణానికి అవసరమైన రుజువు ఇంజనీరు చూపలేకపోయారు. నాలుగు లేన్లతో నగరం గడిపిన కాలం ఆయనకు ప్రతికూల సాక్ష్యంగా నిలిచింది, పక్కవీధుల మీద పడిన భారం ఆ సాక్ష్యాన్ని బలహీనపరిచినా తుడిచివేయలేదు. అయితే నాలుగు లేన్లయినా సమూలంగా తిరిగి కట్టక తప్పదన్న ఆయన మాటను ఆచార్యురాలు ఖండించలేకపోయారు; తుప్పు పట్టిన కాంటిలివర్‌ను మరమ్మతులతో శాశ్వతంగా నిలిపే ఉపాయం ఆమె వాదంలో ఎక్కడా లేదు. కాబట్టి నిలిచే నిర్ణయం నాలుగు లేన్ల పునర్నిర్మాణం, దానితోపాటు దారి పొడవునా బరువు తూనిక, రెండు ప్రభుత్వాల ఉమ్మడి పథకం. దీనికి కావలసిన డబ్బు మాత్రం ఇంకా దొరకలేదు: సమాఖ్య మౌలిక వసతుల నిధులకోసం నగరం పెట్టుకున్న దరఖాస్తు 2024 ఆరంభంలో తిరస్కరణకు గురైంది, ఈ దశాబ్ది చివరికి గాని నిర్మాణం మొదలయ్యే సూచనలు లేవు.